వింత వాద్యాల్లో ఏవి నిలిచాయి, ఏది నేర్చుకోవచ్చు

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. హ్యాండ్‌ప్యాన్, థెరమిన్, హర్డీ గర్డీ లాంటి వాద్యాల వీడియోలు చూశారు. వాటిలో నిజంగా సంగీతానికి నిలబడేవి ఏవి, చూసి ముచ్చటపడి వదిలేసేవి ఏవి అన్నది మొదటిది. ఇంతవరకు ఏ వాద్యమూ ముట్టుకోని మనిషి వీటిలో ఒకటి నేర్చుకోవాలంటే ఏది ఎంచుకోవాలన్నది రెండోది. తీగల వాద్యాలు బాగుచేయడం నా పని. ఇలాంటివి కూడా అప్పుడప్పుడూ నా బల్ల మీదికి వస్తుంటాయి. కాబట్టి కాస్త పొడుగ్గానే చెబుతాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. ప్రతి వాద్యమూ ఏదో ఒక చిక్కుకు ఎవరో కనిపెట్టిన ఉపాయం. నాదం తెగకుండా ఎలా సాగాలి? పెద్ద గుంపులో ఎలా వినబడాలి? ఇనుప డబ్బా తప్ప చేతిలో ఏమీ లేనప్పుడు పాట ఎలా పలకాలి? ఆ చిక్కు ఏమిటో తెలిస్తే ఆకారంలోని వింత సగం పోతుంది. ఇక నిలవడం సంగతి. తయారుచేసినవాడు కాక రెండో మనిషి, మూడో మనిషి దాన్ని చేతిలోకి తీసుకున్నారా, దానికంటూ పాటలు పుట్టాయా, పాడైతే బాగుచేసేవాళ్లున్నారా? శబ్దం ఎంత బాగున్నా ఇవి లేకపోతే ఆ వాద్యం అద్దాల బీరువాలోకి పోతుంది.

వర్గీకరణ గురించి రెండు మాటలు. తీగలున్నవి తతం, ఊదేవి సుషిరం, తోలు బిగించినవి అవనద్ధం, తాళాల్లా తమంతట తామే మోగేవి ఘనం అని నాట్యశాస్త్రం నాలుగుగా విడగొట్టింది. 19వ శతాబ్దంలో కలకత్తా సంగీత పండితుడు సౌరీంద్రమోహన్ ఠాగూర్ పంపిన భారతీయ వాద్యాలు బ్రస్సెల్స్ కన్సర్వేటరీ (సంగీత కళాశాల) మ్యూజియానికి చేరాయి. ఆ మ్యూజియం చూసుకునే విక్టర్ మహియోన్ తన కేటలాగును ఇలాంటి నాలుగు భాగాలుగానే చేశాడు. 1914లో హార్న్‌బోస్టెల్, సాక్స్ అనే ఇద్దరు దాన్ని విస్తరించి, ఇప్పటికీ వాడుకలో ఉన్న పట్టిక తయారుచేశారు. కరెంటు వాద్యాలు వచ్చాక అయిదో విభాగం కలిసింది. ఏ కొత్త వాద్యం కనబడినా ముందు చూడాల్సింది ఇదే. అందులో ఊగుతున్నది తీగా, గాలా, తోలా, లోహమా? మెరుగులు, చెక్కడాలు తర్వాత చూసుకోవచ్చు.

ఇప్పుడు మీరు అడిగిన హర్డీ గర్డీ. తీగను మీటితే నాదం పుట్టిన క్షణం నుంచే తగ్గడం మొదలవుతుంది. కమానుతో లాగితే సాగుతుంది కానీ, చివరికి వచ్చాక వెనక్కి తిప్పక తప్పదు. కమానునే గుండ్రంగా చేసేస్తే ఈ బాధ ఉండదు కదా! హర్డీ గర్డీలో ఉన్నది అంతే. చెక్క చక్రం అంచుకు రోజిన్ అనే బంక రాసి, పిడి పట్టుకుని తిప్పుతారు. చక్రం తీగలను రాసుకుంటూ పోతుంది, తిప్పినంతసేపూ నాదం తెగదు. రెండో చేత్తో మీటలు నొక్కితే లోపలి చిన్న చెక్క నాలుకలు తీగను అక్కడక్కడా తాకి స్వరం మారుస్తాయి. కొన్ని తీగలు ఏ మీటా తగలకుండా శ్రుతి పట్టుకుని ఉంటాయి. దీని పూర్వరూపం ఆర్గనిస్ట్రమ్ ఎంత పెద్దదంటే, ఒకరు చక్రం తిప్పుతుంటే ఇంకొకరు మీటలు లాగేవారు. స్పెయిన్‌లోని శాంటియాగో దె కంపొస్తెలా చర్చి ద్వారం మీద 12వ శతాబ్దపు శిల్పంలో ఆ ఇద్దరూ ఒడిలో ఆ వాద్యం పెట్టుకుని కూర్చుని ఉంటారు.

దీని చరిత్ర నాకు మహా ఇష్టం. చర్చిలో మొదలై, ఊరి పండగల్లోకి దిగి, గుడ్డి బిచ్చగాళ్ల చేతిలోకి వెళ్లి, 18వ శతాబ్దంలో ఉన్నట్టుండి ఫ్రాన్స్ రాజాస్థానంలో దొరసానుల ఒడిలోకి ఎక్కింది. పల్లెటూరి వేషాలు వేసుకోవడం అప్పుడక్కడ ఫ్యాషన్. దీనికే చిన్న ఆర్గన్ గొట్టాలు కలిపిన రకాన్ని నేపుల్స్ రాజు వాయించేవాడు, ఆయన కోసం ఆస్ట్రియా స్వరకర్త హైడన్ కాన్సర్టోలు (వాద్యబృందంతో కలిసి వాయించే రచనలు) రాశాడు. తర్వాత మళ్లీ పల్లెలకే వెళ్లిపోయి, 20వ శతాబ్దపు చివర్లో జానపద సంగీతం వాళ్ల చేతుల్లో తిరిగి లేచింది. అన్ని మెట్లు ఎక్కి దిగినా చావలేదంటే, ఎక్కడికి పోయినా దాన్ని వాయించేవాళ్లు, చేసేవాళ్లు ఎవరో ఒకరు ఉన్నారన్నమాట.

నాదం తెగకూడదన్న ఇదే చిక్కును ఊదే వాద్యాల వాళ్లు రెండు రకాలుగా విప్పారు. ఒకటి ఊపిరితో. ఆస్ట్రేలియా ఉత్తరాన ఆర్నెమ్ ల్యాండ్‌లోని యోల్ఙు ప్రజల యిడాకి, అంటే మనం డిజెరిడూ అంటున్నది, చెదలు లోపల తినేసిన యూకలిప్టస్ కాండం. దానికి రంధ్రాల్లేవు, మీటల్లేవు. బుగ్గల్లో దాచుకున్న గాలిని బయటికి నెడుతూ అదే క్షణంలో ముక్కుతో ఊపిరి పీల్చుకుంటారు. నాదస్వరం పక్కన ఒత్తు ఊదేవారికి ఇది తెలిసిన విద్యే. ఇటలీ దీవి సార్డీనియాలో మూడు గొట్టాలు ఒకేసారి ఊదే లౌనెడ్డస్‌కూ ఇదే పద్ధతి. డిజెరిడూ గురించి ఒక పిట్టకథ: నిద్రలో శ్వాస ఆగే జబ్బు ఉన్న 25 మందిమీద స్విట్జర్లాండ్ పరిశోధకులు ఓ ప్రయోగం చేశారు. నాలుగు నెలలు డిజెరిడూ సాధన చేసినవాళ్లకు పగటి మగత తగ్గిందని బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. గొంతు వెనక కండరాలు గట్టిపడటమే కారణం కావచ్చన్నారు. ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే ఇగ్ నోబెల్ బహుమతుల్లో, 2017లో దానికి శాంతి బహుమతి ఇచ్చారు. గురక తగ్గితే ఇంట్లో శాంతే మరి.

రెండో దారి ఊదినా, పీల్చినా ఒకే స్వరం పలికే రీడ్. చైనా షెంగ్, జపాన్ షో, లావోస్ ఖేన్ ఈ కుటుంబంలోవి. వెదురు గొట్టాల గుత్తి, ప్రతి గొట్టంలో పల్చటి లోహపు నాలుక. గాలి ఎటు వెళ్లినా అది ఊగుతుంది కాబట్టి ఊపిరి తీసుకోవడానికి ఆగే పనే లేదు. షోలో 17 గొట్టాలుంటే 15 మాత్రమే పలుకుతాయి, మిగతా రెండూ అందం కోసం. నోటి ఆవిరి నాలుకల మీద చెమ్మగా పేరుకుంటే శ్రుతి పోతుంది. అందుకని వాయించేవారు మధ్యమధ్యలో వాద్యాన్ని చిన్న కుంపటి మీదో, హీటరు మీదో తిప్పుతూ వెచ్చబెడతారు. ఈ రకం రీడ్ 18వ శతాబ్దంలో యూరప్ వాళ్ల దృష్టిలో పడింది. అమియో అనే ఫ్రెంచి మతగురువు చైనా నుంచి పారిస్‌కు షెంగ్‌లు పంపించాడు. ఆ తర్వాతి కాలంలోనే అక్కడ మౌతార్గన్, అకార్డియన్, హార్మోనియం వరసగా పుట్టాయి. వింతగా కనిపించే ఆ వెదురు గుత్తీ భజనల్లో మోగే హార్మోనియమూ ఒకే సూత్రం మీద పలికేవే.

గాజు వాద్యం దగ్గర కథ వేరు. తడి వేలితో గ్లాసు అంచు రుద్దితే కూత వస్తుందని అందరికీ తెలుసు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1761లో గాజు గిన్నెలను ఒకదానిలో ఒకటి దూర్చి, ఇనుప ఇరుసుకు గుచ్చి, కాలితో తిప్పే ఏర్పాటు చేశాడు. గిన్నెలు తిరుగుతుంటే తడి వేళ్లు ఆనిస్తే చాలు, ఒకేసారి మూడు నాలుగు స్వరాలు పలికించవచ్చు. మొజార్ట్ 1791లో, తాను చనిపోయిన ఏడాదే, మరియానే కిర్ష్‌గెస్నర్ అనే అంధ కళాకారిణి కోసం దీనికి ఒక రచన చేశాడు. 1835లో ఇటలీ స్వరకర్త డొనిజెట్టి తన ఒపేరాలో నాయికకు మతిపోయే ఘట్టానికి ముందు దీన్నే అనుకుని, తర్వాత ఫ్లూటు పెట్టాడు. ఇది వింటే పిచ్చెక్కుతుందని అప్పట్లో పుకార్లు. ఆ భయానికి కొంత కారణం చెవిలోనే ఉందంటాను. శబ్దం ఎటునుంచి వస్తోందో మన చెవి సరిగ్గా పోల్చుకోలేని మేర ఒకటుంది, సుమారు 1,000 నుంచి 4,000 హెర్ట్జ్ మధ్య. ఈ గాజు నాదంలో చాలా భాగం అక్కడే పడుతుంది. గదిలో ఎక్కడినుంచో వస్తున్నట్టు ఉంటుంది, ఎక్కడా అని వెతికితే దొరకదు.

అయితే గాజు వాద్యం మరుగున పడింది పుకార్ల వల్ల కాదని నా నమ్మకం. సభలు పెద్దవయ్యాయి, వాద్యబృందాలు పెరిగాయి, దీని గొంతు పెరగలేదు. 1980లలో అమెరికాలో క్వార్ట్జ్ గాజుతో మళ్లీ చేయడం మొదలయ్యాక తిరిగి కచేరీల్లో కనబడుతోంది. దీని వారసుడు క్రిస్టల్ బాషే కూడా వినండి. 1952లో ఫ్రాన్స్‌లో బాషే సోదరులు చేశారు. గాజు కడ్డీలను తడి వేళ్లతో రాస్తే ఆ కదలిక లోహపు రేకుల్లోకి పాకి పెద్దగా మోగుతుంది. పాతదానికి చేతకాని గట్టిదనం దీనికి వచ్చింది.

నాదం సాగదీయడంలో ఇప్పటి మాట చెప్పాలంటే హల్డోరోఫోన్. ఐస్‌లాండ్‌కు చెందిన హల్డోర్ ఉల్ఫార్సన్ రూపొందించిన ఇది చూడ్డానికి చెల్లో (నేలకు ఆనించి వాయించే పెద్ద వయొలిన్) లాంటిదే. తీగల కదలికను పికప్‌లు పట్టి, పెద్దది చేసి, వాద్యం పొట్టలోని స్పీకరుకు పంపుతాయి. ఆ శబ్దం మళ్లీ తీగలను కదుపుతుంది. స్టేజి మీద మైకు కూసినప్పుడు అందరూ చెవులు మూసుకుంటారే, ఆ కూతనే అదుపులో పెట్టి వాయించడం ఇది. హిల్దూర్ గుద్నదోత్తిర్ 2019 నాటి జోకర్ సినిమా సంగీతంలో దీన్ని వాడారు, ఆ సంగీతానికి ఆస్కార్ వచ్చింది. మంచి చేతిలో పడ్డ కొత్త వాద్యానికి ఇదే అదృష్టం.

ఇక జనం ఎక్కువగా అపార్థం చేసుకునే సంగతి, జుమ్మనే రొద. జింబాబ్వే షోనా ప్రజల మ్‌బిరాలో చెక్క పలక మీద ఇరవై రెండు నుంచి ఇరవై ఎనిమిది దాకా ఇనుప నాలుకలుంటాయి. రెండు బొటనవేళ్లు, కుడిచేతి చూపుడువేలుతో వాయిస్తారు. పలకకూ, దాన్ని బిగించే సొరకాయ బుర్రకూ సీసా మూతలు తగిలిస్తారు, పూర్వం గవ్వలు ఉండేవి. ప్రతి స్వరంతోపాటు అవీ గలగలమంటాయి. కొత్తగా కొన్నవాళ్లు ఏదో వదులైపోయిందని ఆ మూతలు పీకేయడం నేను చూశాను. దయచేసి ఆ పని చేయకండి. ఆ రొద వాద్యంలో భాగమే. పూర్వీకుల ఆత్మలను పిలిచే బిరా అనే రాత్రి వేడుకలో గంటల తరబడి ఇది మోగుతుంది. ఒకే పాటలో విన్నకొద్దీ కొత్త వరసలు తేలతాయి, కొన్ని అసలు ఎవరూ వాయించనివే. నాలుకలు, గలగలలు, పక్కన గిలకల చప్పుడు కలిసి చెవిలోనే పుట్టిస్తాయి వాటిని.

ఇది ఆఫ్రికాకే పరిమితం అనుకోనక్కర్లేదు. హర్డీ గర్డీలో ఒక శ్రుతి తీగ కింది బ్రిడ్జి, అంటే తీగను మోసే చిన్న చెక్క, ఒక పక్క వదులుగా ఉంటుంది. మణికట్టు చిన్నగా విదిలిస్తే చక్రం వేగం పెరిగి, ఆ వదులు కాలు పలకను టకటకా కొట్టి జుయ్యిమంటుంది. అలా తీగ వాద్యంలోనే తాళం కూడా వచ్చేస్తుంది. తంబురా బ్రిడ్జి మీద తీగ కింద నూలుపోగు జరిపి జీవం తెప్పించడమూ ఇదే కోవ. శుద్ధమైన నాదమే మంచి నాదమన్నది పియానో తెచ్చిపెట్టిన అలవాటు. ప్రపంచంలో చాలా చోట్ల నాదానికి కాస్త గరుకు కావాలనే కోరుకున్నారు. మ్‌బిరాను 2020లో యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఎక్కడ చూసినా కనిపించే కలింబా దీని చుట్టమే. హ్యూ ట్రేసీ 1950లలో దక్షిణాఫ్రికాలో ఆ పేరుతో తయారీ మొదలుపెట్టి, రొద తీసేసి, పాశ్చాత్య స్వరాలకు శ్రుతి చేశాడు. అందంగా ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ కలింబా విని మ్‌బిరా విన్నామనుకోవద్దు.

చేతిలో ఉన్నదాంతోనే వాద్యం చేసుకోవడం ఇంకో కథ. పెరూలో ఆఫ్రికా సంతతి వాళ్లకు పెట్టెలే డోళ్లయ్యాయి, అదే కహోన్. 1970లలో గిటారిస్టు పాకో దె లూసియా దాన్ని స్పెయిన్ తీసుకెళ్లి అక్కడి ఫ్లమెంకో సంగీతంలో పెట్టాడు. ఇవాళ చాలామంది దాన్ని స్పెయిన్‌దే అనుకుంటారు. పెరూలోనే గాడిద దవడ ఎముకను కొట్టి పళ్లు గలగలలాడించే కిహాదా ఉంది. సినిమా సంగీతంలో గలగలమని వినిపించే వైబ్రాస్లాప్ దాని ఆధునిక నకలు. మడగాస్కర్ వలీహా ఒక వెదురు బొంగు, దాని తీగలు ఆ బొంగు పైపొరనే చీల్చి లేపినవి. ఇప్పుడు సైకిల్ బ్రేకు తీగ విప్పి వాడుతున్నారు. వియత్నాం డాన్ బౌ మాత్రం వీటన్నిటికంటే తెలివైనది. ఒకే తీగ. కుడి అరచేతి అంచును తీగ సగంలోనో, మూడో వంతులోనో, నాలుగో వంతులోనో తాకించి అదే క్షణంలో మీటుతారు. అసలు స్వరం అణిగి, దాని లోపల దాగిన పై స్వరం (అనుస్వరం) ఒక్కటే గంటలా తేలుతుంది. తీగ చివర ఒక సన్నటి కడ్డీకి కట్టి ఉంటుంది. ఎడమచేత్తో దాన్ని వంచితే బిగువు మారి గమకం వస్తుంది. గమకం అలవాటైన చెవికి ఇది పరాయి సంగీతంలా అనిపించదు, ఒకసారి విని చూడండి.

వెస్టిండీస్‌లోని ట్రినిడాడ్ దీవి స్టీల్‌ప్యాన్ గురించి మాత్రం కాస్త ఆగి చెప్పాలి. బ్రిటిష్ పాలకులు 1880లలో డోళ్ల మీద ఆంక్షలు పెట్టారు. జనం వెదురు బొంగులు నేలకేసి కొట్టి తాళం వేసుకున్నారు. 1930లలో బిస్కెట్ డబ్బాలు, పెయింటు డబ్బాలు చేతికొచ్చాయి. కొట్టీ కొట్టీ సొట్టలు పడ్డచోట స్వరం మారుతోందని ఎవరో గమనించారు. ఆ తర్వాత 55 గ్యాలన్ల చమురు పీపాల వంతు వచ్చింది. పీపా అడుగును సుత్తితో గిన్నెలా లోపలికి సాగగొట్టి, స్వరాల గళ్లు గీసి, నిప్పుల మీద కాల్చి, మళ్లీ సుత్తితోనే శ్రుతి చేస్తారు. ఒక్కో గడిలో అసలు స్వరం ఒక్కటే కాదు, దాని పై స్థాయి స్వరం కూడా సరిగ్గా పడేలా కొట్టాలి. ఆ మెరుపు అందులోనిదే. 1951లో ట్రినిడాడ్ బృందం లండన్ ఉత్సవంలో వాయించినప్పుడు, పీపాలకు పైన తుప్పు అలాగే ఉంది, పలికింది మాత్రం సింఫనీ బృందంలా అని జనం విస్తుపోయారు. 2023లో ఐక్యరాజ్యసమితి ఆగస్టు 11ను ప్రపంచ స్టీల్‌ప్యాన్ దినోత్సవంగా ప్రకటించింది. పేటపేటకీ ఒక బృందం, ఏటా పోటీలు, శ్రుతి చేసే మేస్త్రీలు, వాళ్ల శిష్యులు, అన్నీ ఉన్నాయి దీనికి. నిలబడ్డ వాద్యం ఎలా ఉంటుందని నన్నెవరైనా అడిగితే దీన్నే చూపిస్తాను.

హ్యాండ్‌ప్యాన్ దీని మనవరాలే. స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో ఫెలిక్స్ రోనర్, సబీనా షేరర్ స్టీల్‌ప్యాన్లు చేసేవారు. ఘటం కూడా వాయించే ఒక స్విస్ కళాకారుడు, చేతులతో వాయించేలా, ఘటానికి కొన్ని స్వరాలు తోడైనట్టు ఉండేది కావాలన్నాడు. 2000లో రెండు ఉక్కు గిన్నెలు ఒకదాని మీద ఒకటి అతికించి హాంగ్ చేశారు. కావాల్సినవాళ్లు చేత్తో ఉత్తరం రాసి, పిలుపు వస్తే బెర్న్ వెళ్లి తెచ్చుకోవాలి. అంత గిరాకీ. 2013 తర్వాత వాళ్లు దాన్ని చేయడం మానేశారు, ఈలోగా ప్రపంచమంతా వేరేవాళ్లు చేయడం మొదలుపెట్టారు, వాటికే హ్యాండ్‌ప్యాన్ అని పేరు పడింది. నిజం చెప్పాలంటే దీని మీద నాకు మిశ్రమ అభిప్రాయం ఉంది. ఎవరు తట్టినా బాగుంటుంది, అదే దీని బలం, అదే బలహీనత. సాధారణంగా ఒక వాద్యంలో ఎనిమిదో తొమ్మిదో స్వరాలు, ఒకే స్కేలు (స్వరాల వరస). అపస్వరం పడే వీలే లేదు. అందుకే వందలాది వీడియోలు ఒకేలా వినిపిస్తాయి. తాళజ్ఞానం ఉన్నవాళ్ల చేతిలో మాత్రం వేరే సంగతి.

ఇప్పుడు థెరమిన్. 1920 ప్రాంతంలో రష్యాలోని పెత్రోగ్రాద్‌లో (ఇప్పటి సెయింట్ పీటర్స్‌బర్గ్) లెవ్ తెర్మెన్ అనే భౌతిక శాస్త్రవేత్త వాయువుల విద్యుత్ గుణాలు కొలిచే పరికరం మీద పనిచేస్తున్నాడు. చేయి దగ్గరికి తెస్తే సర్క్యూట్‌లో కూత మారడం గమనించాడు. ఆయన చెల్లో వాయించేవాడు కాబట్టి ఆ కూతతో పాట పలికించి చూశాడు. లోపల రెండు రేడియో తరంగాల జనకాలుంటాయి. రెండూ మన చెవికి అందనంత పై స్థాయిలో ఊగుతాయి, వాటి మధ్య తేడా మాత్రం వినబడుతుంది. నిలువు యాంటెన్నాకు చేయి దగ్గరైతే మన ఒళ్లే సర్క్యూట్‌లో ఒక భాగమై ఒక తరంగం కాస్త మారుతుంది, తేడా మారుతుంది, స్వరం పెరుగుతుంది. పక్కనున్న అడ్డం చుట్టుకు ఇంకో చేయి దగ్గరైతే శబ్దం తగ్గుతుంది. 1922లో లెనిన్‌కు చూపించాడు. తర్వాత అమెరికా వెళ్లాడు, అక్కడ ఆర్‌సీఏ కంపెనీ సుమారు 500 తయారు చేసింది. సరిగ్గా 1929 ఆర్థిక పతనం వేళ. పైగా ఎవరైనా వాయించవచ్చని ప్రచారం చేశారు. అంతకన్నా పెద్ద అబద్ధం ఇంకోటి లేదు.

ఎందుకంటే గాలిలో మెట్లు లేవు, తీగ లేదు, వేలికి తగిలేది ఏమీ లేదు. ఊపిరి పీల్చినా స్వరం కదులుతుంది. క్లారా రాక్‌మోర్ చేయి బాగోలేక వయొలిన్ వదిలేసి దీన్ని పట్టుకుంది. చేతివేళ్లను ముడిచి, ఒక్కొక్కటే విప్పుతూ స్వరస్థానాలు పట్టే పద్ధతి తయారుచేసింది. తెర్మెన్ ఆమె కోసం మెరుగైన వాద్యం చేసిచ్చాడు. ఆమె రికార్డింగులు వింటే ఇది సినిమా దయ్యాల శబ్దం కాదని తెలుస్తుంది. అన్నట్టు, 1960లలో అమెరికా బృందం బీచ్ బాయ్స్ పాటలో వినిపించేది థెరమిన్ అని అందరూ అంటారు గానీ కాదు. అది జారే పిడిని అటూ ఇటూ జరిపి వాయించే వేరే పరికరం. తెర్మెన్ 1938లో సోవియట్ దేశానికి తిరిగి వెళ్లాక నిర్బంధంలో పడి, అక్కడ బ్యాటరీ అక్కర్లేని ఒక గూఢచార మైకు చేశాడు. చెక్క ముద్రలో దాచి 1945లో మాస్కోలోని అమెరికా రాయబారికి కానుకగా ఇచ్చారు. 1952 దాకా ఎవరూ పట్టుకోలేకపోయారు. చివరికి థెరమిన్‌ను బతికించింది కిట్లు చేసి అమ్మిన కుర్రాడొకడు, పేరు రాబర్ట్ మూగ్. తర్వాత సింథసైజర్లతో పేరు తెచ్చుకున్నది ఆయనే.

గాలిలో స్వరస్థానం తెలియని ఈ చిక్కుకే ఫ్రాన్స్‌లో మారిస్ మార్తెనో 1928లో ఇంకా మంచి విడుపు ఇచ్చాడని నా లెక్క. ఆయన ఓండ్ మార్తెనోలో కుడిచేతి వేలికి ఉంగరం, దానికి తీగ. కింద పియానో మెట్ల బొమ్మ ఉంటుంది కాబట్టి ఎక్కడున్నామో కంటికి తెలుస్తుంది, జారుడు గమకమూ వస్తుంది. ఎడమచేతి కింద ఒక బొత్తాం, నొక్కిన ఒత్తిడిని బట్టి శబ్దం పెరుగుతుంది. ఫ్రెంచి స్వరకర్త మెస్సియాన్ దీనికోసం పెద్ద సింఫనీ రాశాడు, పారిస్ కన్సర్వేటరీలో తరగతి నడిచింది, రేడియోహెడ్ అనే రాక్ బృందం జానీ గ్రీన్‌వుడ్ దీన్ని రాక్‌లోకి తెచ్చాడు. అదే కాలంలో బెర్లిన్‌లో పుట్టిన ట్రౌటోనియం అనే కరెంటు వాద్యం సంగతి చూడండి. దాన్ని లోతుగా ఎరిగినవాడు చాలా ఏళ్లు ఓస్కర్ సాలా ఒక్కడే. హిచ్‌కాక్ 1963 సినిమాలో పక్షుల అరుపులు చాలావరకు దాని మీద పుట్టినవే. అంత చేసినా, ఆయన తర్వాత వాయించేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతే. అమెరికా స్వరకర్త హ్యారీ పార్చ్‌దీ ఇలాంటి కథే. స నుంచి పై స దాకా ఉండే స్థాయిని 43 భాగాలు చేసి, దానికి తగ్గ వాద్యాలన్నీ సొంతంగా చేసుకున్నాడు. బర్క్‌లీ రేడియేషన్ ల్యాబ్ పారేసిన పెద్ద గాజు సీసాలు కోసి గంటల్లా వేలాడదీశాడు. చాలా కాలం అసలు సెట్ ఒక్కటే ఆ సంగీతానికి దిక్కు. 2013 నాటికి జర్మనీలో ఒక బృందం నకళ్లు చేయించుకుని ఆ సంగీతం వాయించింది.

దీనికి ఎదురు ఉదాహరణ స్ట్రో వయొలిన్. 1899లో పేటెంట్ తీసుకున్నారు. చెక్క పెట్టె బదులు లోహపు బూర, ఎందుకంటే అప్పటి రికార్డింగ్ యంత్రానికి మామూలు వయొలిన్ వినబడేది కాదు. 1925లో ఎలక్ట్రిక్ మైకులు వచ్చి ఆ అవసరమే పోయింది. అయినా రొమేనియాలోని బిహోర్ పల్లెల్లో బూర వయొలిన్ ఇప్పటికీ పెళ్లిళ్లలో మోగుతోంది. చిక్కు పోయినా వాద్యం ఉంది, ఎందుకంటే ఆ ఊళ్లవాళ్లు దాన్ని తమది చేసుకున్నారు.

క్రొయేషియాలో అలలు వాయించే 70 మీటర్ల సముద్ర ఆర్గన్, అమెరికాలో గుహ రాళ్లను సుత్తులతో మోగించే లూరే ఆర్గన్ లాంటివి చూడ్డానికి వెళ్లాల్సినవి, నేర్చుకునేవి కావు. వాటిని వదిలేస్తున్నాను.

ఇక మీ రెండో ప్రశ్న. ఇంతవరకు ఏమీ వాయించలేదన్నారు కాబట్టి థెరమిన్ వద్దు. ముందు స్వరజ్ఞానం ఉండాలి, లేకపోతే తప్పు ఎక్కడ పడుతోందో కూడా తెలియదు. హర్డీ గర్డీ మీద మనసుంటే చవక రకం మాత్రం కొనకండి. చక్రం ఒక్క వెంట్రుకవాసి ఎగుడుదిగుడుగా ఉన్నా ఏ సాధనా దాన్ని సరిచేయలేదు. చక్రం తగిలేచోట ప్రతి తీగకూ దూది చుట్టాలి, తరచూ మార్చాలి. దూది ఎక్కువైతే మూలుగు, తక్కువైతే కీచు. ఆ ఓపిక ఉంటేనే దాని జోలికి వెళ్లాలి.

డిజెరిడూ నేర్చుకోవాలంటే ప్లాస్టిక్ పైపు చాలు. సుమారు నాలుగు సెంటీమీటర్ల వెడల్పు, మనిషి ఛాతీ ఎత్తు పొడవు, నోరు పెట్టేచోట మైనం అంచు. ఊపిరి తిప్పడం గ్లాసు నీళ్లలో స్ట్రా పెట్టి బుడగలు ఆగకుండా ఊదుతూ నేర్చుకోండి. మోర్సింగ్ (చిన్న ఇనుప చట్రం మధ్య సన్నటి ఇనుప నాలుక ఉండే వాద్యం) కుటుంబం ఇంకా మంచిది, సైబీరియా ఖోముస్ దాకా దీని చుట్టాలున్నారు. జేబులో పడుతుంది, నోరే దాని డొల్ల, నోట్లోని నాలుక కదిలిస్తే అనుస్వరాలు మారతాయి. చట్రాన్ని పళ్లకు ఆనించి, పళ్ల మధ్య సందు వదలండి, ఇనుప నాలుకను బయటికి లాగి వదలండి. సందు లేకుండా వాయిస్తే ఇనుము నేరుగా పంటికి కొట్టి పెచ్చు లేస్తుంది.

మ్‌బిరా అయితే పాట నేర్పే మనిషి ఆన్‌లైన్‌లోనైనా దొరకాలి, ఎందుకంటే అది వినికిడితో వచ్చే విద్య, రెండు చేతుల వరసలు విడివిడిగా చూసి రాసుకుంటే రాదు. నన్నడిగితే మీరు ముందు మోర్సింగ్ పట్టుకోండి. ఆర్నెల్ల తర్వాత కూడా మనసు మ్‌బిరా మీదే ఉంటే అప్పుడు కొనండి.

హ్యాండ్‌ప్యానే కావాలని గట్టిగా అనుకుంటే ఒక్క జాగ్రత్త. ఉక్కు మీద చెమట తుప్పు పట్టిస్తుంది, వాయించాక తుడిచి పల్చగా నూనె రాయాలి. ఎండలో, మూసిన కారులో వదిలేస్తే స్వరాలు జరుగుతాయి. జరిగిన స్వరాన్ని సుత్తితో సరిచేయగలిగేది ఆ పని తెలిసిన మేస్త్రీ ఒక్కడే, నాలాంటి తీగలవాళ్లం చేయలేం. కాబట్టి కొనేముందు అమ్మేవారిని రంగు, స్కేలు అడిగే ముందు, శ్రుతి తప్పితే ఎవరికి పంపాలో అడగండి. జవాబు చెప్పడానికి నీళ్లు నమిలితే అక్కడ కొనకండి.